వలసల నాటి అమెరికాలో ప్రింటర్లు దేనిమీద బతికారు? పుస్తకాల మీద మాత్రం కాదు

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇది: బెంజమిన్ ఫ్రాంక్లిన్ మామూలు ప్రింటర్‌గా మొదలై 42 ఏళ్లకే పని మానేసి కూర్చోగలిగేంత సంపాదించాడు కదా, ఇంకా ఇంగ్లండు వలసగా ఉన్న అప్పటి అమెరికాలో జనమే తక్కువ, పుస్తకాలు కొనేవాళ్లు ఇంకా తక్కువ, మరి ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది, ప్రింటర్లందరూ అలాగే బాగుపడ్డారా అని.

పుస్తకాల నుంచి రాలేదు. అందరూ బాగుపడలేదు కూడా. చాలామంది అప్పుల్లోనే పోయారు. నిలదొక్కుకున్నవాళ్లను నిలబెట్టింది ప్రభుత్వం పని, ఖాళీ ఫారాలు, పంచాంగాలు, పత్రికలో ప్రకటనలు, పక్కనే పెట్టుకున్న కొట్టు. ఫ్రాంక్లిన్‌కి వీటన్నిటితో పాటు ఇంకొకటి ఉంది. ఊరూరా వేరేవాళ్ల చేత ప్రెస్సులు పెట్టించి లాభంలో వాటా తీసుకునేవాడు. దాని సంగతి కింద చెప్తాను.

నేను చరిత్ర ప్రొఫెసర్ని కాదు. తెనాలిలో మా నాన్నగారి ట్రెడిల్ ప్రెస్సులో పదమూడో ఏట కేసు (అక్షరాలు పెట్టుకునే గళ్ల పెట్టె) ముందు నిలబడ్డాను. ఆఫ్‌సెట్ ముద్రణ వచ్చి మా టైపు, అంటే సీసపు అక్షరాలంతా, కాటాకి వేసి అమ్ముకునేదాకా ఇరవై రెండేళ్లు చేతి కంపోజింగే నా పని. ఇప్పుడు అమెరికాలో అమ్మాయి దగ్గర ఉంటూ, వారానికి రెండు రోజులు ఒక మ్యూజియంలో పాతకాలపు చెక్క ప్రెస్సు నడిపి చూపిస్తున్నాను. ఆ ప్రెస్సు గురించి చదవడం మొదలుపెట్టాక తెలిసింది, రెండున్నర శతాబ్దాల కిందటి ఫిలడెల్ఫియా ప్రింటరు లెక్కలూ మా నాన్నగారి లెక్కలూ ఒకే రకంగా ఉన్నాయని.

మా లెక్కల పుస్తకం నా దగ్గర ఇంకా ఉంది. పేజీ తర్వాత పేజీ అంతా శుభలేఖలు, రసీదు పుస్తకాలు, బియ్యం మిల్లు తూకం చీటీలు, సినిమా హాలు కరపత్రాలు, ఎన్నికలొస్తే వార్డు మెంబర్ల పాంప్లెట్లు. ఇరవై రెండేళ్లలో మేం వేసిన పుస్తకాలు పదీ పన్నెండు మించవు. ఒక మాస్టారు రాసిన శతకం అయిదు వందల కాపీలు వేశాం, సగం డబ్బు ముందు ఇచ్చారు, మిగతా సగానికి కాళ్లరిగేలా తిరిగాం, మూడు వందల కాపీలు మా గోడవారనే ఉండిపోయాయి. పుస్తకం అంటే కాగితం, టైపు, మనిషి కష్టం అన్నీ నెలల తరబడి ఇరుక్కుపోవడం. కరపత్రం అంటే పొద్దున ఆర్డరు, సాయంత్రం డబ్బు. ఈ ఒక్క విషయం పట్టుకుంటే ఆ కాలం ప్రింటర్ల కథ సగం అర్థమవుతుంది.

ఇప్పుడు అమెరికాలో మొదటి ప్రెస్సు ఏం వేసిందో చూడండి. 1638లో జోస్ గ్లోవర్ అనే మతబోధకుడు ప్రెస్సు, టైపు, కాగితం ఓడలో వేసుకుని ఇంగ్లండు నుంచి బయలుదేరి దారిలోనే చనిపోయాడు. ఆయన భార్య ఎలిజబెత్ ఆ సామానుతో మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జి చేరి, వెంట వచ్చిన స్టీఫెన్ డే అనే తాళాలు చేసే పనివాడితో ప్రెస్సు పెట్టించింది. 1639లో అక్కడ మొదట అచ్చయింది పౌరులు ప్రమాణం చేసే ఒక చిన్న కాగితం. తర్వాత ఒక పంచాంగం. ఆ తర్వాత 1640లోగానీ కీర్తనల పుస్తకం రాలేదు. అందరూ ఆ కీర్తనల పుస్తకం గురించే చెప్తారు, 1,700 కాపీలు వేస్తే 11 మిగిలాయి, 2013లో ఒకటి వేలంలో కోటీ నలభై ఒక్క లక్షల డాలర్లకు పైగా పలికింది. నాకు మాత్రం ఆ వరసే ముఖ్యం: ముందు ఫారం, తర్వాత పంచాంగం, తర్వాత పుస్తకం. ఆ తర్వాత నూట ముప్పై ఏళ్లపాటు అక్కడి ప్రింటర్ల గల్లాపెట్టె కూడా దాదాపు ఇదే వరసలో నిండింది.

పుస్తకం ఎందుకు గిట్టదో ప్రెస్సు దగ్గర నిలబడితే తెలుస్తుంది. కంపోజిటర్ ఒక చేత్తో స్టిక్ (అక్షరాలు పేర్చే చిన్న పట్టీ) పట్టుకుని రెండో చేత్తో ఒక్కో అక్షరం ఏరి తలకిందులుగా పేరుస్తాడు. పేజీలు బిగించాక ఇద్దరు మనుషులు కావాలి. ఒకడి చేతిలో గొర్రెతోలు కుట్టి లోపల ఉన్ని కూరిన రెండు ఇంకు బంతులు ఉంటాయి, వాటిని ఒకదానికొకటి రుద్ది టైపు మీద కొడతాడు. ఆ తోలు మెత్తగా ఉండటానికి రాత్రిపూట మూత్రంలో నానబెట్టేవాళ్లు, అందుకే పాత అచ్చాఫీసుల వాసన గురించి అంతగా చెప్పుకుంటారు. రెండోవాడు ముందురోజే తడిపి ఉంచిన కాగితాన్ని చట్రంలో పెట్టి, మూత వేసి, బల్లను లోపలికి తోసి, కడ్డీని తన వైపుకి ఒక్క లాగు లాగుతాడు. పైనుంచి దిగే పలక చిన్నది, సగం కాగితానికే సరిపోతుంది. కాబట్టి బల్లను ఇంకొంచెం తోసి మళ్లీ లాగాలి. అప్పటికి ఒక వైపు అయింది.

చేయి తిరిగిన జంటకి గంటకు 240, 250 కాగితాలు అని లెక్క, అదీ ఒక వైపే. నాలుగు పేజీల వారపత్రిక వెయ్యి కాపీలు అనుకోండి, ఒక్కో కాగితం రెండు వైపులా వేయాలి, ఎక్కడా ఆగకుండా లాగినా ఎనిమిది గంటలు దాటుతుంది, మధ్యలో ఆరబెట్టడం వేరే. అరవై దాటిన నేను మ్యూజియంలో ఇరవై కాగితాలు లాగేసరికి భుజం పట్టేస్తుంది, రోజంతా ఒకే చేత్తో లాగినవాళ్ల నడకే మారిపోయేదంటే నమ్ముతాను.

ఇక టైపు. ఇదే అసలు పెట్టుబడి. ఇంచుమించు అంతా ఇంగ్లండు నుంచే రావాలి, తర్వాతి రోజుల్లో ఎక్కువగా లండన్‌లోని కాస్లన్ దగ్గర నుంచి. ప్రెస్సులూ అంతే. 1769లో న్యూహేవెన్‌లో ఐజాక్ డూలిటిల్ అనే గడియారాల పనివాడు ఒక ప్రెస్సు తయారుచేసి ఇస్తే అది పత్రికల్లో పడేంత విశేషమైంది. అరిగిన టైపు మార్చాలంటే ఉత్తరం రాసి, ఓడ వచ్చేదాకా నెలలు ఎదురుచూడాలి.

తెలుగు కంపోజింగ్ చేసినవాళ్లకి ఒక బాధ బాగా తెలుసు. కేసులో కొన్ని వందల గళ్లుంటాయి, అచ్చులు, హల్లులు, గుణింతాలు, వత్తులు, అన్నీ నిండుగానే కనిపిస్తాయి, సరిగ్గా కావలసిన వత్తు మాత్రం అయిపోయి ఉంటుంది. అప్పుడు అయిన పేజీలు ముందు కొట్టేసి, ఆ అక్షరాలు మళ్లీ గళ్లలో వేసుకుని, తర్వాతి పేజీ మొదలుపెట్టాలి. పెద్ద పుస్తకం మొత్తం ఒకేసారి కంపోజ్ చేసి ఉంచే టైపు ఎవరి దగ్గరా ఉండదు. ఫ్రాంక్లిన్ కూడా కైమర్ అనే యజమాని దగ్గర పనిచేస్తున్నప్పుడు అక్షరాలు చాలక, అమెరికాలో టైపు పోతపోసేవాళ్లు లేక, లండన్‌లో ఎప్పుడో చూసిన పద్ధతి గుర్తుచేసుకుని, ఉన్న అక్షరాలనే ముద్దరగా వాడి సీసంలో అచ్చులు తీసి, లేని అక్షరాలు పోసుకున్నాడు. అది చదివిన రోజు నాకు ఆయన మా వీధిలో మనిషే అనిపించాడు.

కాగితం సంగతి క్లుప్తంగా. 1690లో విలియం రిటెన్‌హౌస్ ఫిలడెల్ఫియా దగ్గర మొదటి కాగితం మిల్లు పెట్టాడు. అప్పటి కాగితం చెక్కగుజ్జుతో కాదు, పాత నార గుడ్డలతో చేసేవాళ్లు. అందుకే పత్రికల్లో చింకిగుడ్డలు కొంటాం అని ప్రకటనలు కనిపిస్తాయి. ఫ్రాంక్లిన్ భార్య డెబొరా కొట్లో కూర్చుని ఆ గుడ్డలు కొని మిల్లులకు పంపేది, కాగితాలు మడిచేది, కుట్టేది. మా అమ్మ కూడా రాత్రి వంటిల్లు సర్దేసి రసీదు పుస్తకాలకి నంబర్లు వేసేది, లెక్కల పుస్తకంలో ఆమె పేరు ఒక్కచోటా లేదు.

ఇప్పుడు డబ్బు దగ్గరికి వద్దాం. అన్నిటికంటే గట్టిది ప్రభుత్వం పని. శాసనసభ చేసిన చట్టాలు, సభ నడిచిన తీరు, గవర్నర్ ప్రకటనలు, కాగితపు నోట్లు, ఇవన్నీ ఎవరో ఒకరు అచ్చు వేయాలి, డబ్బు ఆలస్యమైనా వస్తుంది. ఫ్రాంక్లిన్ ఈ పని పట్టిన తీరు ప్రతి ప్రింటరూ తెలుసుకోవాలి. అప్పటికి పెన్సిల్వేనియా పని ఆండ్రూ బ్రాడ్‌ఫర్డ్‌ది. సభ గవర్నర్‌కి సమర్పించిన ఒక పత్రాన్ని ఆయన మోటుగా, తప్పులతో వేశాడు. ఫ్రాంక్లిన్, భాగస్వామి మెరెడిత్ కలిసి అదే పత్రాన్ని శుభ్రంగా, తప్పుల్లేకుండా మళ్లీ వేసి సభ్యులందరికీ తలా ఒకటి పంపించారు. ఎవరూ అడగలేదు, ఎవరూ డబ్బివ్వలేదు. మరుసటి ఏడాదికి ఆ పని వీళ్లకు వచ్చింది. తర్వాత 1731 నుంచి పెన్సిల్వేనియా నోట్లు, ఆ పైన పక్క వలసల నోట్లు. దొంగనోట్లు చేయడం కష్టం కావాలని నిజమైన ఆకుల ఈనెలను అచ్చుగా తీసి నోటు మీద వేసేవాడు, రెండు ఆకుల ఈనెలు ఒకేలా ఉండవు కదా. 1736లో సభకి గుమాస్తా అయ్యాడు. జీతం కంటే ఆ కుర్చీ వల్ల అచ్చుపని చేజారకుండా ఉండటమే తనకు ముఖ్యమని ఆయనే ఒప్పుకున్నాడు.

తర్వాతిది చిల్లర పని. అమ్మకం దస్తావేజులు, పూచీకత్తులు, ఓడ సరుకు చీటీలు, పనివాళ్ల ఒప్పంద పత్రాలు, పేరూ తేదీ కోసం ఖాళీ వదిలి అచ్చేసిన ఫారాలు. 1728లో ఫ్రాంక్లిన్ సొంతంగా ప్రెస్సు తెరిచీ తెరవగానే ఒక స్నేహితుడు వీధిలో ప్రింటరు కోసం వెతుక్కుంటున్న పల్లెటూరి మనిషిని తీసుకొచ్చాడు. ఆ పనికి వచ్చిన అయిదు షిల్లింగులు ఆయన జీవితాంతం గుర్తుపెట్టుకున్నాడు. మొదటి బోణీ ఎవరూ మర్చిపోరు.

పంచాంగం గురించి తెలుగువాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు. ఉగాదికి ముందు ఎలా ఉండేదో, అక్కడ ఏడాది చివర్లో అలా ఉండేది. సూర్యోదయం, చంద్రుడి కళలు, సముద్రపు పోటు వేళలు, కోర్టులు కూర్చునే తేదీలు, ఊళ్ల మధ్య దూరాలు, ఏ రాశి శరీరంలో ఏ భాగాన్ని ఏలుతుందో చూపించే మనిషి బొమ్మ, అన్నీ అందులోనే. ఇంట్లో బైబిలు కాకుండా ఇంకో అచ్చుకాగితం ఉందంటే అది పంచాంగమే అయ్యుండాలి, పైగా ఏడాది దాటితే పనికిరాదు కాబట్టి మళ్లీ కొనాలి. ఫ్రాంక్లిన్ 1732 చివర్లో మొదలుపెట్టిన పంచాంగం పాతికేళ్లు నడిచింది, ఏటా పదివేల దాకా అమ్ముడయ్యేదని ఆయన లెక్క. ఆ రోజుల్లో పదివేలు అంటే మామూలు మాట కాదు. తిథుల మధ్య మిగిలిన చిన్న చిన్న ఖాళీల్లో సామెతలు నింపాడు. పేజీలో ఖాళీ మిగిలితే చేతులు ఊరుకోకపోవడం కంపోజిటర్ అలవాటు, ఆ అలవాటుకి ఆయన తెలివి తోడైంది.

పత్రిక మాత్రం పేరు తెచ్చినంతగా డబ్బు తేలేదు. 1690 సెప్టెంబరు 25న బోస్టన్‌లో బెంజమిన్ హారిస్ వేసిన మొదటి పత్రికను అనుమతి లేదని నాలుగు రోజుల్లో ఆపేశారు, రెండో సంచిక రాలేదు. వారం వారం నిలకడగా నడిచిన మొదటిది 1704 నాటి బోస్టన్ న్యూస్‌లెటర్, నడిపింది ఆ ఊరి పోస్టుమాస్టరు. చందాదారులు ఏళ్ల తరబడి బాకీలు పెట్టేవాళ్లు, డబ్బు లేకపోతే ధాన్యమో కట్టెలో ఇచ్చేవాళ్లు. 1729లో ఫ్రాంక్లిన్ కైమర్ నుంచి పెన్సిల్వేనియా గెజెట్ కొన్నప్పుడు దానికున్న చందాదారులు మహా అయితే 90 మంది. పత్రికకి ప్రాణం ప్రకటనలు, ఆ ప్రకటనలకి ప్రాణం పోస్టు. బ్రాడ్‌ఫర్డ్ పోస్టుమాస్టరుగా ఉన్నన్నాళ్లు ఫ్రాంక్లిన్ పత్రిక తీసుకెళ్లొద్దని గుర్రపు రౌతులకి చెప్పాడు, ఫ్రాంక్లిన్ ఆ రౌతుల చేతుల్లో చాటుగా డబ్బు పెట్టి పంపించుకున్నాడు. 1737లో పోస్టుమాస్టరు పదవి తనకే వచ్చాక ఆ బెడద తీరింది.

మరి ఫ్రాంక్లిన్ మిగతావాళ్లకంటే ఎందుకు పైకొచ్చాడు? మొదటి కారణం పని. ఒక పెద్ద పుస్తకంలో నలభై షీట్ల పని ఒప్పుకుని రోజుకి ఒక షీటు చొప్పున తను కంపోజ్ చేసేవాడు, మెరెడిత్ ప్రెస్సు మీద కొట్టేవాడు, టైపు మళ్లీ గళ్లలో వేసేసరికి రాత్రి పదకొండు దాటేది. ఒక రాత్రి పనంతా అయిపోయిందనుకున్నాక బిగించిన చట్రం ఒకటి జారి రెండు పేజీల అక్షరాలు కుప్పయిపోయాయి. ఆ కుప్పంతా గళ్లలో వేసి, రెండు పేజీలూ మళ్లీ కంపోజ్ చేసిగానీ పడుకోలేదు. నాకు పదిహేనో ఏట ఇలాగే ఒక కరెంటు సంఘం బిల్లు ఫారం చేతిలోంచి జారి నేలపాలైంది. చిన్న అక్షరాలు, గీతలు, అంకెలు కలిసి గచ్చు మీద చెల్లాచెదురైతే కింద కూర్చుని ఒక్కొక్కటి వెలుతురుకి పట్టి గాడి చూసుకుంటూ ఏరాను. నాన్నగారు ఒక్క మాటా అనలేదు, పక్కన కూర్చుని తనూ ఏరారు. తెల్లవారింది. ఆ రాత్రి తెలిసినవాడికి ఫ్రాంక్లిన్ ఆ రెండు పేజీల సంగతి ముసలితనంలో కూడా ఎందుకు రాసుకున్నాడో వేరే చెప్పాల్సిన పని లేదు.

రెండో కారణం వాటాలు. తన దగ్గర పని నేర్చుకున్న మంచి పనివాణ్ని వేరే ఊరు పంపేవాడు, ప్రెస్సు, టైపు తనవి, ఖర్చులో మూడోవంతు తనది, లాభంలో మూడోవంతు తనది, గడువు ఆరేళ్లు. 1731లో సౌత్ కరోలైనాలోని చార్ల్స్‌టన్‌కి మొదటివాణ్ని పంపాడు, అతను రెండేళ్లకే చనిపోయాడు. తర్వాత వెళ్లిన లూయిస్ తిమోతీ 1738 చివర్లో ప్రమాదంలో పోతే భార్య ఎలిజబెత్, పిల్లలతో ఉండి కూడా, ఒక్క వారం ఆగకుండా పత్రిక నడిపించింది. భర్త ఉన్నప్పుడు లెక్కలు సరిగా రాలేదనీ, ఆమె మాత్రం మూడు నెలలకోసారి ఠంచనుగా పంపేదనీ, గడువు తీరాక ప్రెస్సు మొత్తం తన దగ్గర కొనేసుకుందనీ ఫ్రాంక్లిన్ మెచ్చుకుని రాశాడు. 1748లో ఫిలడెల్ఫియా ప్రెస్సునే డేవిడ్ హాల్‌కి అప్పగించి పద్దెనిమిదేళ్లపాటు సగం లాభం తీసుకునేలా ఒప్పందం చేసుకున్నాడు. మీరన్న 42 ఏళ్ల విశ్రాంతి అదీ. ఇది అందరికీ కుదిరేది కాదు. ఆయన పాత యజమాని కైమర్ అప్పులపాలై అన్నీ అమ్ముకుని బార్బడోస్ వెళ్లిపోయాడు, మెరెడిత్ వాటా వదులుకుని వ్యవసాయానికి పోయాడు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఆ కాలం ప్రింటర్లంటే పత్రికా స్వేచ్ఛ కోసం పోరాడిన వీరులు అనే చిత్రం మనకి బాగా అలవాటు. అది అబద్ధం కాదు, కానీ ఎవరి డబ్బుతో అచ్చయిందో కూడా అడగండి. 1733లో న్యూయార్క్‌లో జాన్ పీటర్ జెంగర్ మొదలుపెట్టిన పత్రిక వెనక గవర్నర్ కాస్బీ అంటే పడని పెద్దమనుషులు ఉన్నారు, ఎక్కువ రాసింది జేమ్స్ అలెగ్జాండర్ అనే లాయరు. ప్రభుత్వం పని అంతా జెంగర్ పాత గురువు విలియం బ్రాడ్‌ఫర్డ్ చేతిలో ఉంది కాబట్టి జెంగర్‌కి అవతలి పక్షమే దిక్కు. గవర్నర్ మీద విమర్శలు అచ్చు వేశాడని 1734 నవంబరులో జైల్లో పెట్టారు, రాసినవాళ్ల పేర్లు అతను చెప్పలేదు. భార్య అన్నా పత్రిక వేస్తూనే ఉంది, జైలు తలుపు సందులోంచి అతను చెప్పినవి వింటూ. 1735 ఆగస్టులో ఫిలడెల్ఫియా నుంచి వచ్చిన లాయరు ఆండ్రూ హామిల్టన్ వాదించాక జ్యూరీ నిర్దోషి అంది. ఆ ధైర్యం నిజం. తర్వాత రెండేళ్లకి న్యూయార్క్ ప్రభుత్వం అచ్చుపని జెంగర్‌కే ఇచ్చారు, ఇదీ నిజం.

అచ్చుకాగితాల మీద బ్రిటన్ పన్ను వేసిన 1765 స్టాంపు చట్టం కూడా అంతే. పన్ను గురించి పాఠ్యపుస్తకాల్లో చదివాం కానీ అది ప్రింటరు పొట్ట మీద ఎక్కడెక్కడ కొట్టిందో చూడండి. పత్రిక ప్రతి కాపీకి పరిమాణాన్ని బట్టి అర పెన్నీ, పెన్నీ. ప్రతి ప్రకటనకి రెండు షిల్లింగులు. పంచాంగానికి పన్ను, ఫారాలకి పన్ను, పనివాడి ఒప్పంద పత్రానికి పన్ను. నేను పైన చెప్పిన ఆదాయాలన్నీ ఒకదాని తర్వాత ఒకటి తగిలాయి. ఇంగ్లీషు కాని భాషలో వేస్తే పన్ను రెట్టింపు, అంటే పెన్సిల్వేనియాలోని జర్మన్ ప్రింటర్లకి రెండింతల దెబ్బ. అంతవరకు ఇరుపక్షాల కాగితాలూ వేసి గొడవల్లో తలదూర్చకుండా బతికిన ప్రింటర్లు ఒక్కసారిగా ఒకవైపు నిలబడ్డారు. చట్టం అమల్లోకి వచ్చే ముందురోజు, అక్టోబరు 31న, పెన్సిల్వేనియా జర్నల్ తన మొదటి పేజీని నల్లటి గీతలతో సమాధిరాయిలా కంపోజ్ చేసింది. అప్పుడు లండన్‌లో ఉన్న ఫ్రాంక్లిన్ ఈ కోపాన్ని అంచనా వేయలేకపోయాడు, తన స్నేహితుడు జాన్ హ్యూస్‌కి స్టాంపులు పంచే ఉద్యోగం ఇప్పించాడు, దానికి తర్వాత చాలా మాటలు పడ్డాడు. 1766 మార్చిలో చట్టం రద్దయింది.

బైబిలు సంగతి అడుగుతారేమో కాబట్టి అదీ చెప్తాను. ఇంగ్లీషు బైబిలు వేసే హక్కు రాజుగారి ప్రింటరుది, కాబట్టి వలసల్లో దాన్ని బహిరంగంగా వేయలేరు. అందువల్ల అమెరికాలో మొదట అచ్చయిన బైబిలు ఇంగ్లీషుది కానే కాదు, 1663లో కేంబ్రిడ్జిలో జాన్ ఎలియట్ అనువాదంతో స్థానిక మసాచుసెట్ భాషలో వచ్చింది. తర్వాతిది జర్మన్, 1743లో జర్మన్‌టౌన్‌లో క్రిస్టఫర్ సౌర్ 1,200 కాపీలు వేశాడు. (అదే దశకంలో జర్మనీలోని హాలేలో బెంజమిన్ షుల్జ్ అనే మతబోధకుడు తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు, మన అక్షరం మొదటిసారి సీసంలోకి వెళ్లిన రోజులవి.) ఇంగ్లీషు బైబిలు మాత్రం స్వాతంత్య్రం ప్రకటించుకున్నాక, 1782లో రాబర్ట్ ఎయిట్‌కెన్ చేతిలోగానీ పూర్తిగా రాలేదు.

ఆ 1663 బైబిలు కంపోజ్ చేసినవాళ్లలో ఒకడు నిప్మక్ తెగ యువకుడు, వోవాస్. ప్రెస్సులో పనిచేస్తాడని జేమ్స్ ప్రింటర్ అని పిలిచారు, అదే పేరైంది. 1675లో స్థానిక తెగలకీ ఇంగ్లీషు వలసదారులకీ యుద్ధం వచ్చినప్పుడు తన జనం వైపు వెళ్లిపోయి, మరుసటి ఏడాది క్షమాభిక్ష ప్రకటిస్తే తిరిగొచ్చి మళ్లీ కేసు ముందు నిలబడ్డాడు. రెండో ముద్రణ సమయంలో, ఆ భాష తెలిసి కంపోజ్ చేసి తప్పులు దిద్దగలిగినవాడు ఇతనొక్కడే అని ఎలియట్ రాశాడు. 1709లో వచ్చిన కీర్తనల పుస్తకం మీద ప్రింటర్లలో ఒకడిగా అతని పేరు ఉంది. భాష రానివాళ్ల చేత తెలుగు కంపోజ్ చేయిస్తే ఏమవుతుందో చూసినవాణ్ని కాబట్టి ఆ మాట విలువ నాకు తెలుసు.

పేరు పడనివాళ్లు ఎక్కువమంది. న్యూహాంప్‌షైర్‌లోని పోర్ట్స్‌మత్‌లో డేనియల్ ఫౌల్ ప్రెస్సు కడ్డీ ఏళ్ల తరబడి లాగింది ప్రైమస్ అనే నల్లజాతి బానిస. బోస్టన్‌లో ఫ్లీట్ ప్రెస్సులో పుస్తకాలకి చెక్కబొమ్మలు చెక్కింది పీటర్, అతనూ బానిసే. పారిపోయిన బానిసల్ని పట్టిస్తే బహుమతి అన్న ప్రకటనలు, బానిసల అమ్మకం ప్రకటనలు దాదాపు అన్ని పత్రికలకీ నికరమైన రాబడి. వివరాలకు ప్రింటరుని కలవండి అని కింద ఉండేది, అంటే బేరం ప్రెస్సులోనే జరిగేది. ఫ్రాంక్లిన్ గెజెట్ కూడా అవి వేసింది, ఆయన ఇంట్లోనూ బానిసలున్నారు. చివరి రోజుల్లో ఆయన బానిసత్వానికి వ్యతిరేకంగా నిలబడ్డాడు, అది కూడా చెప్పాలి, కానీ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందని మీరు అడిగారు కాబట్టి ఈ లెక్క దాచకూడదు.

చూడాలనుకుంటే ఫిలడెల్ఫియాలో ఫ్రాంక్లిన్ కోర్టు దగ్గర, వర్జీనియాలోని విలియమ్స్‌బర్గ్‌లో చెక్క ప్రెస్సులు నడిపి చూపిస్తారు. 1775 ఏప్రిల్‌లో యుద్ధం మొదలవడానికి మూడు రోజుల ముందు ఐజయా థామస్ రాత్రికి రాత్రి బోస్టన్ నుంచి దాటించిన ప్రెస్సు వూస్టర్‌లో ఆయన పెట్టిన అమెరికన్ యాంటిక్వేరియన్ సొసైటీలో ఉంది. ఆరేళ్ల వయసులో పనికి కుదిరిన పిల్లాడు ఆయన. ఎక్కడికి వెళ్లినా అచ్చయిన కాగితం ఇచ్చినప్పుడు చదివి మడిచేయకండి, వెనక్కి తిప్పి కళ్లు మూసుకుని వేలితో తడమండి. తడి కాగితంలోకి టైపు దిగిన గుర్తులు వేలికి తగులుతాయి. ఏ మూల లోతుగా ఉంది, ఏ మూల తేలికగా ఉందో కూడా తెలుస్తుంది. కడ్డీ లాగినవాడు ఆ పూట ఎంత అలిసిపోయాడో మా నాన్నగారు అలాగే చెప్పేవారు.